ఆగితే పడే మా బావ

మా బావ సైకిలు మీద వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటాడు. ఆగితే పడతాడు. ఆయన గురించి ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకేదీ లేదు. పైగా ఆయన ఉద్యోగం లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్లో ప్రతి లిఫ్టూ ప్రతి అంతస్తులో సరిగ్గా ఆగుతోందని సంతకం పెట్టేది ఈయనే.

ఆదివారం పొద్దున్నే ఏడుగురం సైకిళ్ల మీద బయల్దేరతాం. ఎర్రలైటు పడుతుంది. అందరం ఆగుతాం. వెనక దబ్బున చప్పుడు. ముందున్న ప్లంబరు తల కూడా తిప్పడు.

"పడ్డాడా?"

"పడ్డాడు."

"ఎటు?"

"పేవ్‌మెంటు వైపే."

కింద నుంచి బావ సంజాయిషీ వినిపిస్తుంది. "కుడికాలు ఊడదీశానయ్యా. ఒళ్లేమో ఎడమకి ఒరిగింది." పద్నాలుగేళ్లుగా తొక్కుతున్న మనిషి చెప్పే మాట ఇది.

కాలు ఊడదీయడమేమిటో చెప్పాలి. రేసు సైకిలువాళ్ల బూటు అడుగున చిన్న బిళ్ల ఉంటుంది. అది పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది. మడమ బయటికి తిప్పితే ఊడుతుంది. తిప్పాలని గుర్తు రాకపోతే బీరువా ఒరిగినట్టు, నిదానంగా, నలుగురూ చూస్తుండగా ఒరుగుతాం. వీటికి క్లిప్‌లెస్ పెడల్స్ అని పేరు పెట్టినవాడెవడో గాని, మనుషుల మీద కక్ష ఉన్నవాడై ఉంటాడు.

నలభై రెండేళ్లకు నాకు అవి కొనాలని బుద్ధి పుట్టింది. వారమంతా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, ఇంటికొచ్చి పేపర్లు దిద్దుకునే నాకు నాదంటూ మిగిలింది ఆ ఆదివారం మూడు గంటలే. మామూలు పెడల్స్‌తో గుంపును అందుకోలేకపోతున్నాను. షాపుకు బావ తోడొచ్చాడు.

"రెండు వైపులా పట్టేవి తీసుకో. కిందికి చూసుకోనక్కర్లేదు. ఆ బూట్లతో నడవొచ్చు కూడా."

"అవి కొండలెక్కే సైకిళ్లకి బావా. మనవాళ్లు నవ్వుతారు."

"నవ్వితే పళ్లు కనిపిస్తాయి, అంతేగా. పట్టు స్క్రూ పూర్తిగా వదులు చేయించు. నెల్లాళ్లు బిగించకు."

షాపువాడు బావ మోచేతికున్న ప్లాస్టరు చూసి, నావైపు జాలిగా చూశాడు. సిగ్నలుకొకసారి పడే మనిషి సలహా ఎవరు వింటారు? ఒకవైపే పట్టేవి, పందెగాళ్లు వాడేవి, బాగా బిగువైనవి కొన్నాను.

మొదటి ఆదివారం రెండుసార్లు పడ్డాను. రెండో ఆదివారం మూడుసార్లు. బస్టాపులో ఒక పెద్దావిడ నన్ను లేపి, "మూడు చక్రాలది దొరకదా బాబూ?" అని మెల్లగా అడిగింది. నేను పడ్డ ప్రతిసారీ, లేచేలోగా నా పక్కన బావ కూలేవాడు. "నాకూ అంతేరా," అనేవాడు ఆకాశం చూస్తూ. ఆ ఓదార్పు మరీ నరకం. పద్నాలుగేళ్ల తర్వాత నా గతీ ఇదేనన్నమాట. పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమని గోడల మీద రాసేవాళ్లను పట్టుకొచ్చి ఈ పెడల్లో ఇరికించాలి.

ఆరో ఆదివారం అక్కకు ఫోన్ చేశాను.

"సైకిలు అమ్మేస్తున్నా అక్కా. బావక్కూడా చెప్పు, మానెయ్యమని. ఏదో ఒకరోజు నడుము విరుగుతుంది."

"ఆయన పడటం వేరు, నువ్వు పడటం వేరులే," అని పెట్టేసింది. మొగుణ్ణి వెనకేసుకు రావడానికీ ఒక హద్దుండాలి.

తర్వాతి ఆదివారం నాకు పరీక్ష డ్యూటీ. నేనెక్కిన బస్సు కూడలి దగ్గర ఆగింది. కిటికీలోంచి చూస్తే బావ. గుంపుకన్నా ముందు, ఒక్కడే వస్తున్నాడు. ఎర్రలైటు. నేను కళ్లు మూసుకోబోయాను. బావ మడమ అలవోకగా తిప్పి, కాలు నేలకు ఆనించి, సీసా తీసి నీళ్లు తాగాడు.

అంతలో వెనక నుంచి కొత్తగా చేరిన నర్సు వచ్చింది. పెడల్స్ కొని వారం కాలేదు. మొహం బిగుసుకుపోయి ఉంది, చూపంతా కాళ్ల మీదే. బావ వెనక్కి చూశాడు. సీసా పెట్టేశాడు. నేల మీదున్న కాలు తీసి మళ్లీ పెడల్లో టక్కున బిగించాడు. పక్కన గడ్డి ఉందని చూసుకుని, నిదానంగా ఒరిగాడు.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వులో ఎప్పుడు ఊడదీసిందో, కాలు కింద పెట్టేసింది. పెట్టినట్టు ఆ అమ్మాయికే తెలియదు.

పరీక్ష హాల్లో మూడు గంటలూ అదే ఆలోచించాను. మా గుంపులో కొత్తవాళ్లు లేని ఆదివారం లేదు. ప్లంబరు తల తిప్పకపోవడమెందుకో అప్పుడు తట్టింది. ఆయనా ఒకప్పుడు కొత్తవాడే. బావేమో పక్కవాడి సిగ్గు పోగొట్టడానికి తన పరువు పోగొట్టుకుని, ఆ పరువుతోపాటు తన మంచి సలహాకు విలువ లేకుండా చేసుకున్న మనిషి. నేను చెప్పే ఎకనామిక్సులో ఈ రకం లేదు.

సాయంత్రం సైకిలు తోసుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. అక్క తలుపు తీసింది.

"అమ్మేశావనుకున్నానే."

"బావా," అన్నాను, "ఇవి పీకేసి నువ్వు చెప్పినవి వేసిపెట్టు, కొనుక్కొచ్చాను. రెండువైపులావి. స్క్రూ వదులుగా."

బావ పెట్టె తెరిచి పానా అందుకున్నాడు. అనుమానంగా చూశాడు. "ఆగితే పడే మనిషిని. ఉన్నట్టుండి నామీద నమ్మకమేమిట్రా?"

"పడటం గురించి నీ అంత తెలిసినవాడు ఊళ్లో లేడు బావా. ఇవాళ బస్సులోంచి చూశాను."

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. పానా వెతుక్కొస్తానని లోపలికి వెళ్లాడు. పానా ఆయన చేతిలోనే ఉంది.