ఇరవై నిమిషాల కాపురం

వీధిలో అందరూ ఆవిడను మిషనమ్మ అంటారు. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. పొద్దున్న ఎనిమిదికి మిషను తొక్కడం మొదలుపెడితే చీకటి పడేదాకా ఆ చప్పుడు ఆగదు. పట్టపగలు ఆగిందంటే అది రెండో శనివారమని ఇరుగుపొరుగుకు తెలిసిపోయేది. మూడేళ్లపాటు ప్రతి రెండో శనివారం ఆవిడ జైలుకు వెళ్లొచ్చింది.

భర్త బస్సు డ్రైవరు. వరసగా రెండు డ్యూటీలు చేసి, బస్సు నడుపుతూనే ఒక్క క్షణం కళ్లు మూశాడు. సైకిలు మీద వెళ్తున్న మనిషి ప్రాణం పోయింది. కోర్టులో ఆయన ఏదీ దాచలేదు. మూడేళ్లు శిక్ష పడింది.

ములాఖత్ ఇరవై నిమిషాలే. మధ్యలో ఇనప వల, అటు పదిమంది, ఇటు పదిమంది, అందరూ ఒకేసారి అరుస్తారు. పక్కావిడ తన మొగుణ్ణి "అన్నం సరిగ్గా తింటున్నావా?" అని అడిగితే ఈయన "ఆ, తింటున్నా" అన్న రోజులు కూడా ఉన్నాయి. మిషనమ్మ దారిలోనే కబుర్లు ఏరి పెట్టుకునేది, అన్నీ మంచివే. కూతురికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని చెప్పేది. తండ్రి గురించి ఎవరో ఏదో అన్నారని అదే పిల్ల కొట్లాడి నెలరోజులు బడి మానేసిన సంగతి మాత్రం మింగేసేది. ఆయనా అంతే. ఎప్పుడడిగినా ఒంట్లో బాగుందనేవాడు.

విడుదలై ఇంటికొచ్చాక చిక్కొచ్చి పడింది. టీ తాగుతూ కాసేపు బాగానే మాట్లాడేవాడు. ఉన్నట్టుండి మాట తెగిపోయేది, లేచి నిలబడేవాడు. గడియారం చూస్తే ఇరవై నిమిషాలు అయ్యుండేవి. విచిత్రమేమిటంటే ఆవిడకూ ఆపైన చెప్పడానికేమీ తోచేది కాదు. ఆయన ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడం, ఆవిడ మిషను తొక్కడం. అంతే. తెల్లవారగానే మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏ చొక్కా వేసుకోవాలో కూడా భార్యనే అడిగేవాడు. "నాన్న కూర్చుంటే బాగుణ్ణు, నాకు చదువెక్కట్లేదు" అని పన్నెండేళ్ల కూతురు విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం మిషనమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. కూతురు బడి నుంచి వచ్చేసరికి స్నానాలగది తలుపు మూసుంది. ఎంతసేపటికీ నీళ్ల చప్పుడు లేదు.

"నాన్నా, లోపలేం చేస్తున్నావు?"

"తలుపు తియ్యమ్మా."

"గడియ నీ వైపే ఉంది కదా నాన్నా."

పిల్ల తలుపు తోస్తే తెరుచుకుంది, అసలు గడియే పెట్టలేదు. ఆయన బోర్లించిన బకెట్టు మీద మోకాళ్ల మీద చేతులుంచుకుని కూర్చున్నాడు. అప్పటికి గంట దాటిందట.

తల్లి రాగానే పిల్ల వెక్కుతూ చెప్పింది. మిషనమ్మ పని ముందేసుకుంది కానీ వరసగా రెండు సూదులు విరగ్గొట్టింది. చివరికి మిషను మీద గుడ్డ కప్పి, నడుస్తున్న భర్తకు ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు రెండో డ్యూటీ మీరు నా కోసమే ఎక్కారు. మర్నాడు సెలవు పెట్టి మా చెల్లెలింటికి రావాలని నేనే పోరాను. మూడేళ్లుగా చెబుదామనుకుంటున్నాను. ఆ అరుపుల్లో ఎలా చెప్పను?"

ఆయన నడక ఆపాడు.

"నిద్రొస్తోందని డిపోలో చెప్పనిది నేను. అది నీ నెత్తినేసుకోకు."

తర్వాత ఆయన కూడా నోరు విప్పాడు. రెండో ఏడు ఛాతీలో నెమ్ము చేరి రెండు నెలలు జైలు ఆసుపత్రిలో ఉన్నాడట. శనివారాల్లో మాత్రం మంచం దిగి, మొహం కడుక్కుని వచ్చేవాడట. కూతురు బడి మానేసిన సంగతి ఆవిడ చెప్పగానే ఆయనకు కోపం ముంచుకొచ్చింది. తన బిడ్డ సంగతి తనకే దాస్తారా అన్నాడు. చెబితే అక్కడుండి ఏం చేసేవారని ఆవిడా గొంతు పెంచింది. పెళ్లయినప్పటి నుంచీ అంత గట్టిగా ఎన్నడూ పోట్లాడుకోలేదు.

ఆ నెలలోనే ఆయన కలప అడితిలో పనికి కుదిరాడు. కుదురుగా కూర్చోలేనని ముందే చెబితే, కూర్చునేవాళ్లు తన దగ్గర ఇప్పటికే నలుగురున్నారని యజమాని నవ్వాడు. బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి కూడా ఆయనే వెళ్లాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని పంతులమ్మ అడిగితే, జైల్లో ఉన్నానని అందరి ముందే చెప్పాడు. కూతురు రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి లెక్కల పుస్తకం ఆయన ముందు పెట్టింది.

మిషనమ్మకు మాత్రం ఇంకా స్థిమితం చిక్కలేదు. ఆయన పని నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, కుట్టు సగంలో వదిలేసి వీధి మలుపు దాకా వెళ్లి నిలబడుతుంది. ఎందుకొచ్చావని ఆయన అడిగితే, దారం కొనడానికని చెబుతుంది.