ఆపకూడని కంప్యూటర్

మా బడి చిత్తూరు నుంచి పుత్తూరు వెళ్ళే దారిలో ఉండేది. చూపులేని పిల్లలకు హాస్టలు, పక్కనే మామూలు పిల్లలకు హైస్కూలు. కంప్యూటర్ లాబ్ మాత్రం అందరికీ ఒక్కటే. పొద్దున హైస్కూలు పిల్లలు, మధ్యాహ్నం హాస్టలు పిల్లలు, సాయంత్రం టైపు నేర్చుకునే ఊరివాళ్ళు. అంతమంది చేతులు పడి కీబోర్డుల మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి.

నేను తెలుగు టీచర్ని. హాస్టలు పిల్లలకు పాటలు, పద్యాలు నేర్పే టీచరు నాకంటే చాలా పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె గొంతు బొంగురుపోతే జలుబేమోనని కషాయాలు తాగుతూ రోజులు వెళ్ళదీసింది. చివరికి వేలూరులో చూపిస్తే క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలి, ఇక మాట రాదు అని మొహం మీదే చెప్పేశారు. దసరాకు ముందే ఆపరేషన్.

ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను. "పిల్లోళ్ళకు నేనంటే గొంతే గదా అమ్మణ్ణీ. నా మొగం వాళ్ళేమన్నా సూసినారా? గొంతు పోతే వాళ్ళకు నేనూ పోయినట్టే," అంది.

ఆ ఏడాదే ఎవరో దాత పుణ్యమా అని మా లాబ్‌కు పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అసలు సిసలు లైసెన్సుతో. తిరుపతిలో అలాంటివాటి దొంగ సీడీలు అడిగినంత దొరికేవి. మా హెడ్మాస్టరు నిక్కచ్చి మనిషి, అలాంటివి గడప తొక్కనివ్వడు. లాబ్ చూసుకునే ఏజెన్సీ మనిషి రేణిగుంట నుంచి వచ్చి, మూలనున్న కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, "లైసెన్సు దీనికొక్కదానికే సార్. ఇంకోదాంట్లో పని చెయ్యదు," అని చెప్పిపోయాడు.

అన్ని కంప్యూటర్లకూ అతను ముందే ఒక కాపలా కూడా పెట్టి ఉన్నాడు. ఆపి మళ్ళీ వేస్తే చాలు, కంప్యూటర్ అతను తయారుచేసి పెట్టినప్పటిలాగే లేచి కూర్చుంటుంది. మధ్యలో పిల్లలు ఎక్కించిన ఆటలు, వైరస్సులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇంతమంది వాడే లాబ్‌కు మంచి ఏర్పాటే. కాకపోతే మనం దాచుకున్నవి కూడా ఆ చెత్తతో పాటే పోతాయి. కాపలా తీసే పాస్‌వర్డ్, సీడీ రాసే మిషను రెండూ అతని దగ్గరే ఉన్నాయి. మా చేతికిస్తే పాడుచేస్తామని వాళ్ళ భయం. రమ్మని ఫోను చేస్తే పలమనేరులో కొత్త లాబ్ పెడుతున్నానన్నాడు.

"దసరా అయినాక వచ్చి, అంతా సీడీలోకి ఎక్కించిస్తా మేడం. అంతవరకూ ఆ సిస్టం మాత్రం ఆపొద్దండి."

దసరా దాకా ఆగడానికి అక్కకు గొంతు ఉండదు. అందుకని వినాయక చవితి అవగానే మొదలుపెట్టాం. ఫ్యాను శబ్దం రికార్డవుతుందని ఆపేసి, కిటికీలు మూసి, ఆ ఉక్కలో కూర్చునేవాళ్ళం. నేను మౌసు పట్టుకునేదాన్ని, ఆమె వేడినీళ్ళు గుటకేస్తూ పాడేది. సగంలో గొంతు జీరపోతే మళ్ళీ మొదటినుంచి పాడేది. ఎక్కాలు, పద్యాలు, నిద్రపుచ్చే పాటలు అన్నీ అయ్యాక, హాస్టలు పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి మాట్లాడింది. ఒకడికి తల దువ్వుకోమని చెప్పింది, ఒకతెను అన్నం పారబొయ్యొద్దని తిట్టింది. నేను తల తిప్పుకుని గోడ చూస్తూ కూర్చున్నాను.

ఆ కంప్యూటర్ మీద 'ఆపరాదు' అని అట్టముక్క అంటించాం. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు అందుకుంటుందో లేదోనని నా పైప్రాణం పైనే పోయేది. అందుకుంటూనే వచ్చింది. ఆ ధైర్యంతోనే అక్క వేలూరు వెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను.

ఆపరేషన్ అయింది. నేను తిరిగి బడికి వచ్చేసరికి లాబంతా సాంబ్రాణి వాసన. ఆయుధపూజ చేశారు. ప్రతి కంప్యూటర్‌కూ గంధం, కుంకుమ, పైన ఒక చామంతి. మా అట్టముక్కకు కూడా బొట్టు పెట్టారు. మూలనున్న తెర నల్లగా ఉంది.

హెడ్మాస్టరు దగ్గరికి పరిగెత్తాను.

"ఆయుధపూజ నాడు పనిముట్టుతో పని చేయించకూడదు గదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "కొడవలి గానీ నాగలి గానీ ఆ పొద్దు మూలకే పెడతాం. అదొక్కటే రేయీ పగలూ పనిచేస్తా ఉండె. నేనే ఆపి దండం పెట్టుకున్నా."

"అట్ట మీద రాసింది చూడలేదా సార్?"

"సూసినా. పిల్లోళ్ళు ఆపకుండా ఉండేదానికి రాసినారు అనుకుంటి. పూజకు గూడా ఆపకూడదని ఎవురనుకుంటారమ్మా?"

సంగతి విన్నాక ఆయన కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఆయన మీద అరవాలని వెళ్ళినదాన్ని, ఆయనకు మంచినీళ్ళందించి వచ్చేశాను. కంప్యూటర్ వేశాం. సాఫ్ట్‌వేర్ చక్కగా తెరుచుకుంది. మా బడి పేరు మీద లైసెన్సు ఉందని మొదట్లోనే చూపించింది. లోపల ఏమీ లేదు. ఏజెన్సీ మనిషి వచ్చి ఒక పూటంతా వెతికి, "లైసెన్సుకేం కాలేదు మేడం, భద్రంగా ఉండాది," అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కార్తీకంలో అక్క వచ్చింది. మెడకు గుడ్డ చుట్టుకుని, సగానికి సగం అయిపోయి. పలక మీద 'పిల్లోళ్ళు విన్నారా' అని రాసి చూపించింది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. జరిగింది చెప్పాను. అక్క పలక సంచిలో పెట్టుకుని, హాస్టలు వైపు నడిచింది. వెనకే వెళ్ళాను.

అడుగుల చప్పుడుకు పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. అక్క వెళ్ళి ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల తల మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ చేతికుండే గాజులు ఆసుపత్రిలో తీయించేశారు. ఒళ్ళంతా మందుల వాసన. ఆ పిల్ల చేతిని తడిమి చూసింది, గుర్తుపట్టలేదు.

"ఎవురు మేడం వచ్చిండేది? కొత్త టీచరా?" అని నన్నడిగింది. ఆ పిల్లే మళ్ళీ, "ఈమెకు పాటలొచ్చునా?" అంది.

వచ్చునని అక్క తల ఊపింది.