నెట్ ఆపి చూసే అమ్మాయి

వెబ్ డెవలపర్ల సదస్సులో మాట్లాడే అవకాశం నాకు కాకుండా నౌపడ అమ్మాయికి వచ్చిందని మొదట చెప్పింది మా వదిన. ఆ అమ్మాయీ నేనూ ఎవరింట్లో వాళ్లం కూర్చునే, ఒకే ఆన్‌లైన్ బృందంలో పని నేర్చుకున్నాం. ఆమె ఏ వెబ్ పేజీ చేసినా, నెట్ లేకపోయినా పనిచేస్తుందా అని ఫోన్‌లో నెట్ ఆపేసి తెరిచి చూసేది.

"మా ఉప్పుమళ్ల కాడ సిగ్నలు వస్తాది, పోతాది. దాన్ని నమ్ముకుంటే ఎలాగక్కా?" అనేది.

సదస్సు రోజు నేనూ వెళ్లాను. ఆమె వేదికెక్కగానే హాల్లో నెట్ పోయింది. దేవుడు క్షమించాలి, నాకు సంతోషం కలిగింది. ఆమె పేజీ మాత్రం చక్కగా తెరుచుకుంది. చప్పట్ల మధ్య దిగివచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటక్కా, మొకం అలాగైపోనాది? నాకోసం బయపడిపోనావా?"

అవునన్నాను.

రోజూ అరసవల్లి దేవుడికి దండం పెట్టి, నాకు మేలు చేసినవాళ్లందరినీ తలచుకుంటాను. నన్ను అంతగా నమ్మిన ఆమె పేరు దగ్గరికొచ్చేసరికి నోరు రాదు. మీరైనా ఆమెను ఒకసారి తలచుకోండి.