మా కచ్చేరీలో మాంగనీసు

మా ముత్తాత మంథని దిక్కున పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత హయాంలో సర్కారు అధికారులు కూడా కోటలాంటి మా గడి వాకిట్లో చెప్పులు విడిచేవారు. ఊరి తగవులు తీర్చే కచ్చేరీలో ఒక్కటే కుర్చీ, చేతుల మీద పులితలలు చెక్కిన టేకు కుర్చీ. దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. నా కాలానికి భూములు పోయాయి. ఆ కుర్చీ, కరీంనగర్‌లో చదివిన బీఎస్సీ కెమిస్ట్రీ మిగిలాయి.

ట్యూషన్ చెబుతానని తాతల పద్ధతిలోనే డప్పు చాటింపు వేయించాను. ఏం హుకుమో అని జనం ఇళ్లలోంచి కదల్లేదు.

చివరికి ఒక పిల్ల వచ్చింది, ఒకప్పుడు మా దగ్గర పాలేరుగా జీతమున్న మనిషి కూతురు. ఇంటర్‌లో కెమిస్ట్రీ తప్పింది. మళ్లీ రాసి గట్టెక్కితే నర్సు ట్రైనింగు, లేకపోతే తల్లితో బీడీలు చుట్టడమే.

"కూర్చో," అన్నాను.

"వద్దు దొరా. అవ్వ తిడ్తది."

తల్లి భయానికి అరచేతిలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడే రాసేది. రెడాక్స్ సమీకరణం అలా తెగదు. రెండు సగాలుగా విడదీయాలి, ఎలక్ట్రాన్లు సరిచేయాలి, నీళ్లు, ఆమ్లం కలపాలి. అక్కడికొచ్చేసరికి ఆమె చేయి నొచ్చేది. పరమాణువులు సరిపోయేవి, విద్యుదావేశాలు తేడా వచ్చేవి.

ఒకరోజు పర్మాంగనేటు, ఇనుము ఇచ్చాను. "ఇనుము ఒక్కో ఎలక్ట్రానే ఇస్తుంది. మాంగనీసుకు అయిదు కావాలి. మరి?"

"అయిదు ఇనుములు గావాలె. ఇచ్చేటోళ్లు అయిదుగురు, తీస్కునేటోడు ఒక్కడు. గిది మీ గడి లెక్కనే ఉన్నది గదా దొరా!"

కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను. ఆ కచ్చేరీలో అంత మాట ఎవరూ అనలేదు. అయితే జవాబు మాత్రం సరైనదే.

"తీసుకున్నాక మాంగనీసు ఆక్సీకరణ సంఖ్య ఎంత?"

వేళ్లు మడిచి చూసుకుంది. "ఏడు నుంచి రెండుకు దిగింది."

"తీసుకున్నదే దిగుతుంది. అది కూడా రాసుకో."

ఆమె ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. కుర్చీ దిగి చాప మీద కూర్చున్నాను.

"మీరు కిందనా? అవ్వ నన్ను సంపుతది!" అంటూనే చాప అంచున కూర్చుంది. నోట్‌బుక్ నేల మీద పెట్టి తీరిగ్గా రాసింది. ఆవేశం రెండు వైపులా పదిహేడు వచ్చింది.

ఆమె పాసయింది. ఆ కబురు విని మరో ఆరుగురు వచ్చారు. నేను చాప మీదే ఉన్నా, ఖాళీ కుర్చీని చూసి అందరూ గోడవారన నిలబడిపోయారు.

మరుసటి వారం ఆ కుర్చీని పెద్దపల్లిలో ఒక కలప వ్యాపారికి అమ్మేశాను.