పగలు ఎవరు కాస్తారక్కా?

మా చిన్న తమ్ముడు పోయాడు. ఎమ్మిగనూరు నుంచి మా మరదలు, అంటే వాడి భార్య, తెల్లవారుతూనే ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు లెయ్యలేదు వదినా. ఎంత పిలిచినా పలకలేదు" అంది. ఆ తర్వాత ఏడుపే. నేను ఉన్నదాన్ని ఉన్నట్టే ఆదోని బస్టాండుకు బయలుదేరాను. దారిలో కనిపించినవాళ్లకు సంగతి చెబితే ఒక్కరైనా అయ్యో అనలేదు. "మళ్లీ తాగినాడా అవ్వా?" అన్నారు.

తాగలేదు. మొదటే చెబుతున్నాను, చెవులున్నవాళ్లు వినండి. మా తమ్ముడు తాగి చావలేదు. తాగుడు మానేసి, మానినవాడు పగటిపూట కూర్చోవడానికి ఇంత చోటు కోసం తిరిగి తిరిగి చచ్చిపోయాడు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాటను నలుగురికీ అర్థమయ్యేట్టు సర్దుతానంది, సరేనన్నాను. తిట్లు తీసేస్తానంటోంది. కొన్నయినా ఉంచమన్నాను. ఇది వాడిని తలుచుకోవడానికి చెప్పిస్తున్నదే, కానీ తలుచుకుంటే నాకు కన్నీళ్లకంటే ముందు కోపమే వస్తోంది. ఏం చేయను?

వాడు మగ్గం మనిషి. ఎమ్మిగనూరులో గుంతలో కాళ్లు దించి కూర్చునే గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. మా అమ్మ పోయేనాటికి వాడింకా పాకే బిడ్డ, నా చంకలోనే పెరిగాడు. బస్సు టికెట్టును సన్నగా చుట్టి చెవిలో పెట్టుకోవడం వాడి అలవాటు. దిగినాక కూడా తీయడు. "దిగేసినాం కదరా, తీసి పారెయ్" అంటే "ఉండనీలే అక్కా, ఇంటికాడ నా పెండ్లాం చెకింగుకు వస్తాది" అనేవాడు. బొరుగులతో చేసే ఉగ్గాని, దాంతో బజ్జీ అంటే ప్రాణం. మిరపకాయ బజ్జీని టీలో ముంచుకుని తినేవాడు. "అదేం తిండిరా?" అంటే "పోయేది నా కడుపులోకి కదక్కా, నీకెందుకు మంట?" అని నవ్వేవాడు.

నేసేటప్పుడు పోగు తెగితే విసుక్కునేవాడు కాదు. "తెగిన పోగును తిడితే అతుక్కుంటాదా? ముడెయ్యాల, ముందుకు పోవాల" అనేవాడు. తాగుడు ముదిరాక ఆ ముడి వేయడానికే చేతులు రాలేదు. చేతులు వణికితే పోగు తెగుతుంది, తెగితే ఒళ్లు మండుతుంది, ఒళ్లు మండితే కాళ్లు బ్రాందీ షాపు దారి పడతాయి. ఆ గుంతలో నుంచి వాడు లేచేది ఇక దానికోసమే అయింది.

చివరికి వాడంతట వాడే "అక్కా, నన్ను ఆసుపత్రికి తోలుకపో" అన్నాడు. కర్నూలులో చేర్చాం. కొన్నాళ్లకు మనిషి కడిగిన గిన్నెలా బయటికి వచ్చాడు. పంపించేటప్పుడు చీటీలో మాత్రలు రాసి, "బయట జాగ్రత్తగా ఉండు" అన్నారు. జాగ్రత్త అనేది ఏ మందుల అంగట్లో అమ్ముతారో చెప్పలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "రాత్రికి మాత్ర కాపలా ఉండాదక్కా. పగలు ఎవరు కాస్తారు?"

నాకు ఆ మాట అప్పుడు పట్టలేదు. తాగేవాళ్లకు రాత్రి కదా గండం అనుకున్నాను. వాడు ఓపికగా చెప్పాడు. పొద్దున మాత్ర మత్తు దిగుతుంది. షాపు తెరుస్తారు. మగ్గం మీద కూర్చుంటే చేతులు ఆడవు. వీధిలోకి వస్తే పాత నేస్తాలు పిలుస్తారు, ఇంట్లో ఉంటే గోడలు పిలుస్తాయి. పొద్దు గూట్లో పడేదాకా ఆ పగలంతా వాడొక్కడే మోయాలి.

కర్నూలు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ వాడికి ఒక మాట చెప్పిందట. కొన్ని పట్నాల్లో పగటి వైద్యం ఉంటుందట. పొద్దున పోతారు. మాత్ర వేసుకున్నారా లేదా చూస్తారు, కండ్లు, నాడి చూస్తారు. మానినవాళ్లంతా గుండ్రంగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు మాట్లాడతారు. అన్నం తింటారు, ఏదో ఒక పని చేస్తారు, సాయంత్రం ఇల్లు చేరతారు. "బడికి పోయొచ్చినట్ల పోయొచ్చేదక్కా. రాత్రికి నా ఇంట్లో నా పిల్లోళ్ల పక్కన పండుకుంటా. నాకు అట్లాంటిది కావాల" అన్నాడు. గొంతెమ్మ కోరికా అది? మీరే చెప్పండి.

వెతకడం మొదలుపెట్టాం. మా దగ్గర్లో ఒక ఆసుపత్రికి పోయాం. పేరు చెప్పను. కిటికీలో ఒకాయన కూర్చున్నాడు.

"ఏమైంది?"

"తాగుడు మానినాడప్పా. పగటిపూట సూసేవాళ్లు కావాల."

"ఇప్పుడు తాగినాడా?"

"లేదప్పా, మానినాడని సెప్తాండా కదా."

"తాగకపోతే రోగం ఏముంది? ఇంటికి తీస్కపో."

"అంతకుముందు తాగినప్పుడు తోలుకొస్తే, మత్తు దిగినాక తీస్కరాపో అన్యారే!"

"అవును, తాగినోణ్ని ఈడ ఎట్ల సూస్తాం?"

తాగితే రానివ్వరు, తాగకపోతే రోగం లేదంటారు. మరి మావాడు ఎట్లా రావాలి, సగం తాగి రావాలా? ఆ మాట నేను కిటికీలోకి తల పెట్టి గట్టిగానే అడిగాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. మా తమ్ముడు నవ్వలేదు. నా కొంగు పట్టుకుని "రా అక్కా, పోదాం" అన్నాడు, చిన్నప్పుడు సంతలో తప్పిపోతానని పట్టుకున్నట్టు.

ఇంకోచోటికి పోతే నెలల తరబడి లోపల పెట్టి తాళం వేస్తామన్నారు. ఇంటివాళ్లు రాకూడదు, ఫోన్ చేయకూడదు. వాడు గేటు కడ్డీలు చూసి, "అక్కా, నేను మానినానే, మళ్లీ ఈ జైలెందుకు?" అన్నాడు. బంధువులు ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కమన్నారు. మొక్కాం. శ్రావణ మాసం జనంలో గంటలు గంటలు నిలబడి, వాడు కండ్లు మూసుకుని ప్రమాణం చేశాడు. దేవుడి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన ప్రమాణం తీసుకున్నాడు. ఆ ప్రమాణాన్ని మర్నాటి పొద్దున నుంచి సాయంత్రం దాకా నిలబెట్టే చోటు చూపించాల్సింది మనుషులు.

చివరికి కర్నూలులోనే ఒకచోట పగటిపూట కూర్చోబెడుతున్నారని తెలిసింది. వాడికి పండగొచ్చినట్టయింది. మరదలు స్టీలు క్యారియరులో అన్నం కట్టి ఇచ్చేది. నేను ఎమ్మిగనూరులోనే మకాం పెట్టి వాడితో పోయాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి నాకు దిగులు లేదు. "ప్రభుత్వం నాకు కాపలాకు నిన్ను పెట్టినట్లుందే అక్కా" అని ఎగతాళి చేసేవాడు. మొదట్లో చేతుల వణుకు పోలేదు. చేతిలో క్యారియరు పట్టుకుంటే గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. బస్సులో జనం తిరిగి చూసేవాళ్లు. వాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని తువ్వాలు చుట్టేవాడు. రోజులు పోయేకొద్దీ ఆ మోత తగ్గింది. చెవిలో టికెట్టు మళ్లీ కనిపించింది.

అంతలో ఒక పొద్దున పోతే తలుపుకు తాళం. చూసుకునే మనిషిని వేరే ఊరికి మార్చారట, కొత్త మనిషి ఇంకా రాలేదట. ఎప్పుడొస్తారంటే వాచ్‌మన్‌కు తెలియదు. మావాడు క్యారియరు పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు. ఎండ ఎక్కినా లేవలేదు. తిరుగు బస్సులో టికెట్టును చెవిలో పెట్టుకోలేదు.

ఆ తర్వాత వాడు ఆదోనిలో నా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. క్యారియరు మాత్రం వదల్లేదు. "ఈడ అన్నం లేకనా రా?" అంటే "క్యారియరు చేతిలో ఉంటే పనికి పోయే మొగోడి మాదిరి ఉంటా అక్కా. బ్రాందీ షాపు ముందర ఎవుడూ పిలవడు" అన్నాడు. నా వాకిట్లో చాప వేసుకుని, కర్నూలులో నేర్పినట్టే రోజును గడులు గడులుగా కోసుకున్నాడు. టీ, నడక, మాట్లాడుకోవడం, అన్నం, శనక్కాయలు ఒలవడం. ఎదురింట్లో పరుపులు కుట్టే సాయిబు రోజూ పలకరించేవాడు.

"ఏమప్పా, ఆఫీసుకు వచ్చినావా?"

"వచ్చినా సాయిబన్నా. మా అక్క ఆఫీసు. లేటయితే జీతం కొయ్యరు, సెవులు కోస్తారు."

సాయిబు నవ్వి, మిగిలిన దూదితో వాడికొక మెత్త కుట్టి ఇచ్చాడు.

వింటే ముచ్చటగా ఉంది కదా? కొందరు నాతో అన్నారు కూడా, "నువ్వే ఆసుపత్రి అయినావు అవ్వా" అని. ఆ మాట అన్నవాళ్లను వాకిట్లో నుంచి తరిమాను. నా వాకిలి ఆసుపత్రి కాదు. వాడికి చెమటలు పట్టి, లేని మనుషులు కనిపిస్తున్నారని గోడకు అతుక్కుపోయిన రోజు నాకు తెలిసింది నీళ్లు చల్లడం ఒక్కటే. వాడి కడుపు ముందుకొస్తుంటే వీధంతా "అక్క వంట ఒంటబట్టింది" అంది. వాడూ తడుముకుని మురిసిపోయాడు. అది నీరట. కాలేయం ఎప్పుడో పాడయిందట. రోజూ కండ్లు, నాడి చూసే నర్సు ఒక్కతి ఉంటే కనిపెట్టేది. చీపురు పట్టే చేతికి ఏం తెలుస్తుంది? తెలిసి ఆసుపత్రికి తీసుకుపోయి నీరు తీయించేసరికి ఆలస్యమైంది. ఇంటికి వచ్చాడు, నిద్రపోయాడు, లేవలేదు.

మూడో దినం సమాధి దగ్గర పాలు పోయడానికి పోయాం. పోయినవాడికి ఇష్టమైనవి అక్కడ పెట్టడం మా వాళ్ల ఆనవాయితీ. వాడి పక్క మగ్గంవాడు, ఒకప్పుడు వాడితో కలిసి తాగినవాడు, నడుములో నుంచి క్వార్టర్ సీసా తీసి పూల మధ్య పెట్టాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"ఆయప్పకు ఇష్టం కదక్కా. ఆత్మ శాంతిస్తాదని..."

ప్రేమతోనే పెట్టాడు, కండ్లలో నీళ్లున్నాయి. కానీ కోపంలో నాకు అవేవీ కనిపించలేదు. సీసా తీసుకుని మూత విప్పి, దూరంగా ముళ్లకంపలో ఒంపేశాను. "దీన్ని ఇడిసిపెట్టేదానికి బతికినన్నాళ్లు వాడు పడిన పాట్లు నీకేం తెలుసురా? సచ్చినాక కూడా వాణ్ని ఇడవరా మీరు?" అని అరిచాను. పెద్దలు "సమాధి దగ్గర గొడవొద్దు" అన్నారు. బతికి ఉన్నప్పుడు గొడవ పడదామంటే కిటికీలో మనిషి విన్నాడా? వాడి క్యారియరు విప్పి ఉగ్గాని, బజ్జీ పెట్టాను. గ్లాసుడు టీ పక్కన పెట్టాను, ముంచుకుంటాడని.

పెద్ద దినం చేసి ఆదోనికి వచ్చేశాను. చాప చుట్టి మూలన పెట్టాను. మెత్తను మాత్రం ఎండలోనే వదిలేశాను.

మొన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే వీధి మలుపులో గలగలమని వినిపించింది. స్టీలు గిన్నెల మోత. చీపురు అక్కడే ఆగిపోయింది. తల ఎత్తేసరికి ఆ సీసా పెట్టినవాడు వాకిట్లో ఉన్నాడు. చేతిలో క్యారియరు.

"అక్కా, ఆయప్ప కూసునే జాగా ఖాళీగానే ఉండాదా?"

"ఇది ఆసుపత్రి కాదురా" అన్నాను.

"తెలుసక్కా. ఆసుపత్రికీ పోయినా. తాగలేదు కదా, ఇంటికి పో అన్యారు."

నేను లోపలికి పోయి చాప తెచ్చేదాకా వాడు అక్కడే నిలబడ్డాడు. క్యారియరును రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకున్నాడు. అయినా గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.