ప్రభావతి పాత సింథసైజర్
భీమడోలు చర్చిలో వాయించే ప్రభావతికి అరవై రెండేళ్లు. ఆమె సింథసైజర్ నలభై ఏళ్ల నాటి అనలాగ్ కీబోర్డు పెట్టె. వాయించే ముందు కొంగుతో మీటలన్నీ తుడిచి, ఒక్కో నాబ్‌నూ రెండుసార్లు అటూ ఇటూ తిప్పుతుంది. ఈ మధ్య అందులోంచి కందిరీగలు తిరుగుతున్నట్టు ఒకటే రొద. “పాతదైపోయిందండీ, మార్చేద్దాం” అన్నాడు సంఘపెద్ద నెల్సన్. “నేనూ పాతదాన్నేనండీ. నన్నూ మార్చేస్తారా?” అందామె. ఇంటికి తీసుకెళ్లి విప్పి, దుమ్ము దులిపి, వైర్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. మళ్లీ బిగించి వాయిస్తే, ఇంట్లో రొద లేనే లేదు. తప్పు పెట్టెది కాదు, చర్చిలోనే ఏదో ఉందని తేల్చుకుంది.

ఆదివారం ఆరాధనకు ముందు, అందరూ చూస్తుండగానే, స్విచ్చులు ఒక్కొక్కటీ ఆపుతూ వచ్చింది. లైట్లు ఆపినా రొద పోలేదు. కిందటి నెల నెల్సన్ విరాళంగా ఇచ్చిన కొత్త రెగ్యులేటర్లున్న ఫ్యాన్లు ఆపగానే చటుక్కున పోయింది. “ఇంత ఎండలో ఫ్యాన్లు లేకుండా ఎలాగండీ?” అన్నాడు నెల్సన్, మొహం కందిపోయి. “ఆ కొత్త రెగ్యులేటర్ల వల్లే దీంట్లో రొద వస్తోందండీ, వాటిని తీయించండి. అందాకా చెమటలోనే పాడదామండీ” అని ఆమె పాట అందుకుంది. మూడో పాటకి నెల్సన్ తడిసిన చొక్కాతో లేచి, స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగాడు. ఆమె వాయించడం ఆపకుండానే గడ్డంతో తన సంచి చూపించింది.