తప్పు జరిగినప్పుడల్లా బావగారు

చిన్నకోడలు మందుల షాపులో పని ముగించుకుని వచ్చి, వంటయ్యాక తడిచేతులు కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అత్తగారికి మాత్రల వేళ గుర్తుచేసేందుకు ఫోనులో పనిచేసే ప్రోగ్రాం ఒకటి రాస్తోంది. ఇదివరకు మొదలెట్టినవన్నీ మధ్యలోనే ఆగిపోయాయి. వీధి చివర కాపురముండే బావగారు ఒకసారి అందరి ముందూ "ఇదీ సగమేనా, మరదలా?" అని నవ్వారు. ఆనాటి నుంచి ప్రోగ్రాం ఎక్కడ తప్పినా తెరమీద ఆ మాటే కనబడేలా రాసుకుంది. చూడగానే ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే తప్పు దిద్దుతుంది. అత్తగారు, ఆ చల్లని తల్లి, చప్పుడు కాకుండా మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి వెళుతుంది.

ఆ మాట కనబడడం మానేసిన రోజున ఆమె చివరగా ఒకటి చేర్చింది. మాత్ర వేసుకున్నట్టు అత్తగారు బటన్ నొక్కకపోతే బావగారికి ఫోను వెళుతుంది. నొక్కేదాకా వెళుతూనే ఉంటుంది. మర్నాడే ఆయన రొప్పుతూ వచ్చారు.

"ఏంటమ్మా ఈ గోల? ముద్ద నోట్లో పెట్టుకోనివ్వదే!"

"పూర్తయింది బావగారూ. ఎలా ఉందో మీరే చెప్పాలి," అందామె చల్లగా.

ఆయన తల్లి పక్కన కూలబడ్డారు. "మాత్ర వేసుకున్నావా అమ్మా?"

"ఎప్పుడో వేసుకున్నాను నాయనా. నొక్కడమే మర్చిపోయాను. కాసేపు కూర్చో."

అత్తగారు ఇప్పుడు రోజూ మర్చిపోతోంది. మాత్ర వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, గుమ్మంకేసి చూస్తూ కూర్చుంటుంది. కోడలు గమనించకపోలేదు. ఆ ఒక్క తప్పు దిద్దడానికి మాత్రం ఆమెకు తీరిక దొరకడం లేదు.